గుడ్‌విల్‌ను రెండుగా కోయగలమా?

"ఎప్పుడూ డిపాజిట్లు, నామినేషన్లు, వీలునామాలేనా? ఒక్కసారి సంగీతం గురించి రాయకూడదా?" అని మన పాఠకురాలొకరు ఆమధ్య ఉత్తరం రాశారు. సరేనని ఈసారి సంగీతమే తీసుకున్నాను. అయితే బ్యాంకువాడి చేతికి వీణ ఇచ్చినా ముందు తీగలెన్నని లెక్కపెడతాడు. కాబట్టి చివరికి లెక్కల దగ్గరికే వస్తానని ముందే మనవి చేసుకుంటున్నాను.

నేను చెప్పబోయేది త్యాగరాజ కీర్తనల గురించి కాదు, ఘంటసాల పాటల గురించీ కాదు. అమెరికాలో జార్జియా రాష్ట్ర రాజధాని అట్లాంటా నుంచి వచ్చిన ఇద్దరు నల్లజాతి యువకులు 2003లో విడుదల చేసిన ఒక ఆల్బమ్ గురించి. వాళ్ళ జట్టు పేరు ఔట్‌కాస్ట్. వెలివేయబడినవాడని ఆ మాటకు అర్థం. వాళ్ళు పాడేది రాప్ సంగీతం. అంటే తాళానికి కట్టుబడి మాటలను ధారగా చెప్పుకుపోయే పద్ధతి.

మీలో కొందరికి నవ్వు రావచ్చు. కానీ అట్లాంటా మనకు మరీ పరాయి ఊరేమీ కాదు. మన సంఘం కుటుంబాల్లో మేనల్లుడో, పెదనాన్నగారి మనవరాలో ఆ నగరం శివార్లలో ఉద్యోగం చేస్తున్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. మా అక్క కొడుకూ అక్కడే ఉన్నాడు. వాడి నోటనే ఈ జట్టు పేరు మొదట విన్నాను. ఒక మాట మాత్రం హెచ్చరికగా చెప్పాలి. ఆ ఆల్బమ్ అట్ట మీద తల్లిదండ్రులు జాగ్రత్త పడవలసిన భాష ఉందని ముద్ర వేసి ఉంటుంది. అది ఊరికే వేసిన ముద్ర కాదు. పిల్లలతో కలిసి కూర్చుని వినే పాటలు కావవి. నన్ను ఆకట్టుకున్నది ఆ పాటల వెనుక ఉన్న పొత్తు కథ.

ఆ ఇద్దరి పేర్లు ఆండ్రే బెంజమిన్, ఆంట్వాన్ ప్యాటన్. ఇద్దరూ 1975లోనే పుట్టారు. ఆండ్రే అట్లాంటావాడే. ఆంట్వాన్ సముద్రం పక్కనున్న సవన్నాలో పుట్టి తరువాత అట్లాంటా చేరాడు. ఊరి పక్క ఈస్ట్ పాయింట్‌లో హైస్కూలు చదివే రోజుల్లో స్నేహం కుదిరింది. తరువాత లోకానికి ఒకడు ఆండ్రే 3000గా, రెండోవాడు బిగ్ బాయ్‌గా తెలిశారు.

వాళ్ళను చేరదీసినవాడు రికో వేడ్ అనే మరో కుర్రవాడు. వీళ్ళకంటే కొద్దిగా పెద్దవాడంతే. అతను, అతని మిత్రులు కలిసి రికో తల్లిగారి ఇంటి నేలమాళిగలో పాటలు కట్టేవారు. ఆ గదికి చెరసాల అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. నేల గచ్చు కూడా లేని మట్టి నేల. అక్కడ కూర్చుని కట్టిన పాటలతోనే 1994లో మొదటి ఆల్బమ్ వచ్చింది. దాన్ని వెలువరించిన లాఫేస్ అనే సంస్థ కూడా అట్లాంటాలోనే ఉండేది. ఆ ఆల్బమ్ పది లక్షల ప్రతుల మెట్టు ఎక్కింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలిచారు గాని రచ్చ గెలవడం అంత సులువు కాలేదు. అమెరికాలో ఆ రోజుల్లో రాప్ అంటే తూర్పున న్యూయార్క్, పడమట లాస్ ఏంజెలెస్. ఆ రెండు తీరాల వాళ్ళకూ ఒకరంటే ఒకరికి పడేది కాదు. దక్షిణాది రాష్ట్రాల వాళ్ళను మాత్రం రెండు పక్షాలూ లెక్కలోకి తీసుకునేవి కావు. సాగదీసి మాట్లాడే వాళ్ళ యాసను పల్లెటూరి యాస అని నవ్వేవారు. 1995 ఆగస్టులో న్యూయార్క్‌లో 'ద సోర్స్' అనే పత్రిక బహుమతుల సభ జరిగింది. ఉత్తమ కొత్త జట్టుగా ఔట్‌కాస్ట్ పేరు చదవగానే సభ నుంచి ఈలలు, ఎగతాళి అరుపులు వినిపించాయి. ఆండ్రేకు అప్పటికి ఇరవై ఏళ్ళు. ఆ గోలలోనే మైకు ముందు నిలబడి, దక్షిణాదికి కూడా చెప్పవలసిన మాట ఒకటి ఉందని క్లుప్తంగా చెప్పి దిగిపోయాడు.

మన బళ్ళారి తెలుగు, హోసూరు తెలుగు, బరంపురం తెలుగు మాట్లాడి విజయవాడ పెళ్ళిళ్ళలో నవ్వులు చవిచూసిన వాళ్ళకు ఆ కుర్రవాడి మనసు వేరుగా విడమరిచి చెప్పనక్కర్లేదు. గమనించవలసింది ఏమిటంటే, ఆ రాత్రి తరువాత వాళ్ళు యాస మార్చుకోలేదు. 1996లో రెండో ఆల్బమ్, 1998లో మూడోది, 2000లో నాలుగోది వెలువరించారు. మూడూ అమెరికా అమ్మకాల పట్టీలో రెండో స్థానం దాకా వెళ్ళి ఆగిపోయాయి. వరుసగా మూడుసార్లు రెండో స్థానం! మా బ్రాంచిలో ప్రతి సంవత్సరం టార్గెట్‌కు ఒక్క మెట్టు కింద ఆగిపోయే మేనేజర్లను చూసినవాణ్ణి కనుక ఆ బాధ నాకు తెలుసు.

మూడో ఆల్బమ్ పేరు 'అక్వెమినై'. పాశ్చాత్యుల లెక్కన బిగ్ బాయ్‌ది కుంభ రాశి, ఆండ్రేది మిథున రాశి. ఆ రెండు రాశుల ఇంగ్లీషు పేర్లను అతికి ఈ పేరు తయారుచేశారు. ఇద్దరం వేరు, అయినా ఒకటే అని అట్ట మీదే చెప్పుకున్నట్టు. ఇంకో అయిదేళ్ళకు ఆ మాటకు పరీక్ష వచ్చింది.

2000 తరువాత ఇద్దరి దారులూ విడిపోసాగాయి. ఆండ్రేకు ఊరూరా తిరిగి కచేరీలు చేయడం మీద విసుగు పుట్టింది. రాప్ తగ్గించి పాడాలని, గిటారు వాయించాలని, జాజ్ వైపు వెళ్ళాలని కోరిక కలిగింది. బిగ్ బాయ్‌కు జనం ముందు నిలబడి రాప్ చెప్పడమే ప్రాణం. దక్షిణాది కార్లలో దద్దరిల్లే సంగీతమే అతనిది. ఒకరిని ఒకరు వంచాలని చూస్తే పొత్తు పగిలేది. ఒకరికోసం ఒకరు లొంగి ఉంటే పాట చచ్చేది.

వాళ్ళు చేసిన పని చూడండి. ఎవరి ఆల్బమ్ వారు విడిగా తయారుచేసుకున్నారు. బిగ్ బాయ్ దానికి 'స్పీకర్‌బాక్స్' అని, ఆండ్రే దానికి 'ద లవ్ బిలో' అని పేర్లు. తరువాత ఆ రెండు పళ్ళాలనూ ఒకే పెట్టెలో పెట్టి, పైన ఔట్‌కాస్ట్ అనే పాత పేరుతోనే 2003 సెప్టెంబరు 23న విడుదల చేశారు. అట్టకు ఒక పక్క ఒకరి బొమ్మ, తిప్పి చూస్తే రెండోవారి బొమ్మ. రెండూ కలిపి వినాలంటే రెండు గంటలు దాటుతుంది.

ఉమ్మడి కుటుంబంలో మాట చెప్పాలంటే పొయ్యిలు వేరు, ఇంటిపేరు ఒకటి. అంతే కాదు, మధ్యగోడకు చిన్న కిటికీ కూడా పెట్టుకున్నారు. బిగ్ బాయ్ పళ్ళెంలోని 'గెట్టో మ్యూజిక్' పాటలో ఆండ్రే చెయ్యి, గొంతు రెండూ ఉన్నాయి. ఆండ్రే పళ్ళెంలోని 'రోజెస్' పాటలో బిగ్ బాయ్ వచ్చి తన వంతు చెప్పి వెళతాడు. పండగపూట ఒక వంటింటి నుంచి ఇంకో వంటింటికి గిన్నె వెళ్ళినట్టు.

ఇక లెక్కలకు వద్దాం. మొదటి వారంలోనే 5 లక్షల 10 వేల పెట్టెలు అమ్ముడయ్యాయి. ఇన్నాళ్ళూ అందని మొదటి స్థానం అందింది. ఆండ్రే పాట 'హే యా!' 2003 డిసెంబరులో దేశం మొత్తం మీద మొదటి స్థానానికి చేరి తొమ్మిది వారాలు అక్కడే ఉంది. ఆ వారాల్లో చాలావరకు రెండో స్థానంలో ఉన్నది ఎవరి పాట అనుకున్నారు? బిగ్ బాయ్ పాట 'ద వే యూ మూవ్'. చివరికి 2004 ఫిబ్రవరిలో 'హే యా!'ను కిందికి దింపింది కూడా అదే. అన్న కుర్చీలోంచి లేస్తే తమ్ముడు కూర్చున్నట్టు. ఎవరు ఎవరిని ఓడించారని అడిగితే జవాబు లేదు. పుస్తకంలో రెండు పద్దులూ ఒకే పేరు మీద జమ పడ్డాయి.

అదే నెల 8న లాస్ ఏంజెలెస్‌లో గ్రామీ బహుమతుల సభ జరిగింది. ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్‌గా దీన్నే ఎంచారు. అంతకు ముందు రాప్‌తో ముడిపడిన సంగీతానికి ఆ గౌరవం దక్కింది ఒక్క లౌరిన్ హిల్‌కే, అదీ 1999లో. ఎగతాళి అరుపులు విన్న రాత్రికీ ఈ రాత్రికీ మధ్య దూరం తొమ్మిదేళ్ళయినా నిండలేదు.

ఇక్కడ వృత్తిరీత్యా నా చెవులు నిక్కబొడుచుకున్న సంగతి ఒకటుంది. ఈ ఆల్బమ్ కోటి మెట్టు దాటి 'డైమండ్' ముద్ర పొందింది. అమ్ముడైన పెట్టెలు చూస్తే యాభై లక్షల పైచిలుకు. మరి కోటి ఎక్కడిది? అమెరికా రికార్డు కంపెనీల సంఘం నియమం ప్రకారం వంద నిమిషాలు మించిన జంట ఆల్బమ్ అయితే లోపలి పళ్ళాలను విడివిడిగా లెక్కిస్తారు. ఒక పెట్టె అమ్మితే రెండు యూనిట్లు. అందులో మోసమేమీ లేదు, నియమం అందరికీ ఒకటే. అయినా ఆ లెక్కలో ఒక అందం ఉంది. ఇద్దరినీ విడివిడిగా లెక్కపెట్టారు. మొత్తం మాత్రం ఒక్క పేరు కిందే వేశారు.

బి.కాం.లో భాగస్వామ్య వ్యాపార లెక్కలు చదివినవారికి గుడ్‌విల్ అనే మాట గుర్తుండే ఉంటుంది. బల్లలు, బీరువాలు, సరుకు కంటికి కనిపిస్తాయి. గుడ్‌విల్ కనిపించదు. పేరు చూసి మళ్ళీ మన గడపే తొక్కే ఖాతాదారుడి నమ్మకమే అది. సగటు లాభాన్ని ఇన్నేళ్ళకని హెచ్చవేసి దానికి విలువ కట్టడం మాకు పరీక్షలో తప్పనిసరి లెక్క. 1932 నాటి మన భాగస్వామ్య చట్టం కూడా సంస్థ రద్దయినప్పుడు గుడ్‌విల్‌ను ఆస్తిలో చేర్చమంటుంది. విడిగానైనా, మిగతా ఆస్తితో కలిపైనా అమ్ముకోవచ్చంటుంది. అమ్మవచ్చు, ఒకరికి వదిలెయ్యవచ్చు. తానులో గుడ్డ కోసినట్టు సగం సగం కోసి పంచడానికి మాత్రం ఏ లెక్కల పుస్తకంలోనూ పద్ధతి లేదు.

ఇది నేను పుస్తకంలో చదవకముందే మా ఇంట్లో చూశాను. బళ్ళారిలో మా తాతగారు పెట్టిన బట్టల అంగడి మా నాన్న, మా బాబాయి కలిసి నడిపేవారు. 1985లో వేరుపడాలనుకున్నారు. పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. తానులు పంచారు. చిట్టా, ఆవర్జా పుస్తకాలు ముందేసుకుని రావలసిన బాకీలు పంచారు. గల్లాపెట్టె ఒకరికి, త్రాసు ఒకరికి ఇచ్చారు. మధ్యాహ్నానికల్లా అంతా తేలిపోయింది. తాతగారి పేరున్న బోర్డు దగ్గర ఆగిపోయింది. నాకంటే నాకని ఇద్దరూ పట్టుబట్టారు. ఎక్కడైనా బావే గాని వంగతోట దగ్గర బావ కాదన్నట్టు, అప్పటిదాకా మెత్తగా ఉన్న గొంతులు మారిపోయాయి. చివరికి ఎవరూ ఆ పేరు వాడకూడదని తీర్పు చెప్పి లేచారు పెద్దలు.

ఇద్దరూ కొత్త పేర్లతో అంగళ్ళు తెరిచారు. పల్లెల నుంచి వచ్చే రైతులు ఏళ్ళ తరబడి ఆ వీధిలో నిలబడి తాతగారి పేరు చెప్పి అంగడి ఏదని అడిగేవారు. ఎవరూ చూపించలేక పక్క అంగడికి పంపేవారు. నలభై ఏళ్ళ నమ్మకం ఒక్క పూటలో ఎవరికీ కాకుండా పోయింది. డబ్బు నష్టం తరువాత పూడింది. మా పెద్దక్క పెళ్ళికి బాబాయిగారి ఇంటి నుంచి ఎవరూ రాకపోవడం మాత్రం ఈనాటికీ పూడలేదు. మా నాన్న ఇప్పుడు లేరు. బోర్డు బాబాయిగారి ఇంట్లో అటక మీద ఉందని విన్నాను.

అందుకే అట్లాంటా కుర్రాళ్ళ పని నాకు వింతగా తోచింది. వాళ్ళకు పెద్దమనుషుల పంచాయితీ లేదు. వయసు చూస్తే ఇద్దరికీ ఇరవై ఎనిమిది. ముందు పేరు సంగతి తేల్చుకుని, తరువాత పని పంచుకున్నారు. మా వాళ్ళు అన్నీ పంచుకుని చివరికి పేరు దగ్గరికి వచ్చారు. తేడా అంతా ఆ వరుసలోనే ఉంది.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న అడగవచ్చు. అంత చక్కగా సర్దుకున్నవాళ్ళు తరువాత ఎంతకాలం కలిసి పనిచేశారు అని. న్యాయమైన ప్రశ్నే. 2006లో 'ఐడిల్‌వైల్డ్' అని ఒక సినిమా, దానితోపాటు ఒక ఆల్బమ్ వచ్చాయి. ఆ తరువాత ఔట్‌కాస్ట్ పేరుతో కొత్త ఆల్బమ్ రాలేదు. వేరు పొయ్యిలు పెట్టుకున్నాక మళ్ళీ ఒకే పొయ్యి మీద వండుకోవడం కష్టమని మన అమ్మమ్మలు చెప్పేదే అక్కడా జరిగింది. 2003 నాటి ఏర్పాటు పొత్తును కాపాడిందా, మెల్లగా ముగించిందా అంటే రెండూ నిజమేనని నా అభిప్రాయం. అయితే ముగింపుల్లోనూ తేడాలుంటాయి కదా.

దానికో ఉదాహరణ చెబుతాను. బిగ్ బాయ్ 2010లో ఒంటరిగా ఒక ఆల్బమ్ తెచ్చాడు, వేరే కంపెనీ ద్వారా. ఔట్‌కాస్ట్ హక్కులు అప్పటికి జైవ్ అనే సంస్థ చేతిలో ఉన్నాయి. ఆండ్రే గొంతు ఉన్న పాటలు ఆ ఆల్బమ్‌లో పెట్టడానికి జైవ్ ఒప్పుకోలేదు. ఇద్దరి గొంతులు ఒకచోట వినిపిస్తే అది ఔట్‌కాస్ట్ పాటే అవుతుందని వాళ్ళ వాదన. పాడినవాళ్ళకు చిరాకే అయినా, గుడ్‌విల్ అంటే ఏమిటో ఇంతకంటే బాగా ఏ ప్రొఫెసరూ చెప్పలేడు. ఆ పేరు విలువ అతనిలోనూ లేదు, ఇతనిలోనూ లేదు. ఇద్దరూ కలిసిన చోటే ఉంది. ఆండ్రే గొంతు పెట్టకుండా సంగీతం మాత్రం కట్టి ఇచ్చిన ఒక పాట ఆ ఆల్బమ్‌లో నిలిచింది. కిటికీ మూసినా సందులోంచి గిన్నె వెళ్ళిందన్నమాట.

మొదటి ఆల్బమ్‌కు ఇరవై ఏళ్ళు నిండిన 2014లో ఇద్దరూ మళ్ళీ ఒకే వేదిక ఎక్కి ఆ ఏడాది నలభైకి పైగా ఉత్సవాల్లో పాడారు. 2023లో ఆండ్రే మాటలే లేని వేణువు సంగీతంతో ఆల్బమ్ తెచ్చాడు. దాని పైన ఔట్‌కాస్ట్ పేరు వాడుకోలేదు. 2024లో రికో వేడ్ కన్నుమూశాడు. 2025 నవంబరులో అమెరికా రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఔట్‌కాస్ట్‌ను తన పట్టీలో చేర్చుకుంది. అప్పటికి యాభై నిండిన ఆ ఇద్దరూ వచ్చి పక్కపక్కన నిలబడ్డారు. ఆ పేరు పిలిస్తే లేచి నిలబడటానికి ఇద్దరికీ హక్కు మిగిలే ఉంది.

బ్యాంకులో ముప్ఫై ఏళ్ళకు పైగా ఉమ్మడి ఖాతాలు తెరిచాను, మూశాను. వేరుపడటం తప్పని నేననను. పిల్లలు పెద్దవాళ్ళవుతారు, అభిరుచులు మారతాయి, ఒకరికి రిస్కు ఇష్టం, ఒకరికి భయం. ఒకే పుస్తకంలో ఇద్దరి లెక్క ఇమడని రోజు వస్తుంది. ఆ రోజు మన పాఠక కుటుంబాల్లో ఎవరికైనా వస్తే, హోటలైనా, నగల అంగడైనా, రైసు మిల్లయినా, ఈ మూడు మాటలు గుర్తుంచుకోండి.

మొదటిది, పేరు సంగతి అన్నిటికంటే ముందు తేల్చుకోండి. ఇద్దరూ వాడుకోవచ్చా, వాడుకుంటే పక్కన ఏ గుర్తు పెట్టుకోవాలి, మూడోవాడికి అమ్మవచ్చా అన్నది కాగితం మీద రాసుకోండి. సరుకు పంపకం తరువాత ఆ మాటకు వస్తే అప్పటికే మనసులు వేడెక్కి ఉంటాయి. రెండోది, చిట్టా ఆవర్జాలు పూర్తిగా వేరు చేయండి. సగం వేరు, సగం ఉమ్మడి అన్న చోటే తగాదా పుడుతుంది. మూడోది, గోడ కట్టేటప్పుడు కిటికీ మరిచిపోవద్దు. ఏడాదికి ఒక పనైనా, ఒక పండగ బేరమైనా కలిసి చేసేలా ఏదో ఒకటి ఉంచుకోండి.

బాబాయిగారికి ఎనభై దాటాయి. నేను ఈ సంక్రాంతికి బళ్ళారి వెళ్ళాలనుకుంటున్నాను. ఆ బోర్డు ఎవరికి చెందాలని మాత్రం అడగను. అటక మీది నుంచి దింపి, దుమ్ము తుడిచి, రెండిళ్ళ పిల్లలకూ తాతగారి పేరు చదివి వినిపించమని అడుగుతాను.

వచ్చే సంచికలో మళ్ళీ మన ఫిక్సెడ్ డిపాజిట్ల దగ్గరికి వద్దాం.